కెపాసిటర్: పలకల దూరం పెరిగితే ఏం మారుతుంది?

రైస్‌మిల్లు మోటార్లకు పవర్ ఫ్యాక్టర్ పెంచడానికి వాడేదీ, ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ తిరగడానికి తోడ్పడేదీ కెపాసిటరే. పోటీ పరీక్షల్లో ఈ అంశంపై అభ్యర్థులు తడబడేది పలకల మధ్య దూరం దగ్గరే.

మూల సూత్రాలు
• కెపాసిటీ పలకల వైశాల్యానికి అనులోమానుపాతంలో, వాటి మధ్య దూరానికి విలోమానుపాతంలో ఉంటుంది.
• ఆవేశం = కెపాసిటీ × వోల్టేజి.
• కెపాసిటీకి ప్రమాణం ఫారడ్. మైఖేల్ ఫారడే పేరు మీద వచ్చింది.

ఉదాహరణ: 100 పికోఫారడ్ల కెపాసిటర్‌ను 12 వోల్టుల బ్యాటరీతో ఆవేశపరిస్తే ఆవేశం 1200 పికోకూలుంబులు. ఇప్పుడు పలకల దూరం రెట్టింపు చేస్తే కెపాసిటీ 50 పికోఫారడ్లకు తగ్గుతుంది. ఇందులో రెండు సందర్భాలు:

1. బ్యాటరీ తీసేశాక దూరం పెంచితే: ఆవేశం మారదు. వోల్టేజి 24 వోల్టులవుతుంది. విద్యుత్ క్షేత్రం మారదు. పలకలను లాగడానికి మనం చేసిన పని వల్ల శక్తి రెట్టింపవుతుంది.
2. బ్యాటరీ కలిపి ఉంచి పెంచితే: వోల్టేజి 12 వద్దే ఉంటుంది. ఆవేశం 600 పికోకూలుంబులకు పడిపోతుంది. క్షేత్రం, శక్తి సగమవుతాయి.

గమనిక: ప్రశ్నలో బ్యాటరీ ఉందా, తీసేశారా అన్నది ముందు చూసుకోండి. జవాబు అక్కడే తేలిపోతుంది.