నీటిపక్షుల వేటలో సీసరహిత గుండ్ల ఎంపిక: సాంద్రత, వ్యాసం, దూరం

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో వరి కోతలు ముగిసిన తరువాత రైతులు అనేక మళ్లకు శీతాకాలంలో నీరు నిలుపుతారు. రాలిన గింజల కోసం ఉత్తరాది నుండి వచ్చే బాతులు వాటిలో వాలుతాయి. గడ్డి త్వరగా చివకడం, కలుపు విత్తనాలు తగ్గడం రైతుకు లాభం. వేటగాళ్లు చెల్లించే కౌలు అదనపు ఆదాయం. ఈ ఏర్పాటును ఒక చిక్కు చాలాకాలం వెన్నాడినది. షాట్‌గన్ తూటా ఒక్కటి పేలితే వందకు పైగా సీసపు గుండ్లు వెలువడతాయి. పక్షికి తగిలేవి కొన్నే. మిగిలినవన్నీ మడిలోనే పడతాయి. మెత్తని బురదలో గుండు లోతుకు దిగుతుంది గాని, అడుగు గట్టిగా ఉన్నచోట పైపైనే ఉండిపోతుంది. దుక్కి వాటిని కొంతవరకు పూడ్చగలదే తప్ప తొలగించలేదు.

బాతు మింగిన గింజ కందనకాయలో ఇసుకరాళ్ల మధ్య నలుగుతుంది. అందుకై రాళ్లను ఏరుకొనే పక్షి గుండును కూడా రాయిగానో, గింజగానో భావించి మింగుతుంది. రాపిడికి, ఆమ్లానికి సీసం అరిగి, కరిగి రక్తంలో కలుస్తుంది. జీర్ణాశయపు కండరాలు పట్టు తప్పి మేత కదలదు. తిన్న మేత లోపలే నిలిచి ఉండగా పక్షి చిక్కిపోయి మరణిస్తుంది. అటువంటి పక్షులను తిన్న గద్దలకూ అదే గతి. ఉత్తర అమెరికాలోని నీటిపక్షులలో ఏటా 2 నుండి 3 శాతం ఈ విధంగా నశిస్తున్నవని 1959లో ఫ్రాంక్ బెల్‌రోస్ అంచనా వేశారు. 1987లో దశలవారీగా ఆరంభమైన నిషేధం 1991 నాటికి నీటిపక్షుల వేటకు దేశమంతటా వర్తించినది. మిసిసిపీ వలసమార్గంలోని మల్లార్డ్ బాతులలో సీసవిష మరణాలు 64 శాతం తగ్గినట్లు తరువాతి అధ్యయనంలో తేలినది.

(మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ వేట నిషిద్ధం. కనుక ఇక్కడి విద్యార్థికి ఇది వరి మాగాణి, నేల, పక్షి అనే మూడింటి సంబంధాన్ని తెలిపే పాఠమే గాని వేట పాఠం కాదు.)

నిషేధాన్ని వ్యతిరేకించినవారి ప్రధాన వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. ఉక్కు గుండు తేలిక; అది చంపక గాయపరుస్తుందని, గాయపడిన పక్షి ఎగిరిపోయి ఎక్కడో చస్తుందని వారి భయం. సీసానికి వాడిన సంఖ్య గల గుండునే ఉక్కులోనూ కొన్నవారి విషయంలో ఆ భయం నిజమే. పొరపాటు లోహంలో కన్నా ఎంపికలోనే ఎక్కువగా ఉన్నది.

అమెరికా కొలతలో 17 నుండి గుండు సంఖ్యను తీసివేసి 100తో భాగిస్తే వ్యాసం అంగుళాలలో వస్తుంది. అనగా 4వ సంఖ్య గుండు 3.3 మి.మీ., 2వ సంఖ్య గుండు 3.8 మి.మీ. 4వ సంఖ్య సీసపు గుండు బరువు సుమారు 0.21 గ్రాములు, అదే సంఖ్య ఉక్కు గుండు 0.15 గ్రాములే. 2వ సంఖ్య ఉక్కు గుండు 0.23 గ్రాములు తూగుతుంది. ఉక్కులో రెండు సంఖ్యలు పెద్ద గుండు తీసుకొనవలెనన్న వాడుక సలహాకు ఆధారం ఇదే.

అయితే బరువు సరిపోయినంత మాత్రాన పని సరిపోదు. లావైన గుండును గాలి ఎక్కువగా అడ్డుతుంది. ఒకే వేగంతో బయలుదేరిన గుండ్లలో ఏది దూరాన శక్తిని నిలుపుకొంటుందో తెలిపేది సాంద్రత, వ్యాసాల గుణలబ్ధం. 4వ సంఖ్య సీసానికి (సాంద్రత 11.1) ఇది దాదాపు 37. 4వ సంఖ్య ఉక్కుకు (7.86) 26, 2వ సంఖ్యకు 30, 4.57 మి.మీ. గల బీబీకి 36. బిస్మత్-తగరం మిశ్రమం (9.6) 2వ సంఖ్యలో 37కు చేరుతుంది. సాంద్రత 18 గల టంగ్‌స్టన్ మిశ్రమం కేవలం 2 మి.మీ. గల 9వ సంఖ్యలోనే సీసంతో సమమవుతుంది. బీబీ తీసుకొంటే మరొక నష్టం: ఔన్సుకు 2వ సంఖ్య ఉక్కు గుండ్లు 125 ఉండగా బీబీలు 72 మాత్రమే; గుంపు పలుచబడి పక్షికి తగిలేవి తగ్గుతాయి. పెద్దబాతులకు బీబీ, సాధారణ బాతులకు 35, 40 గజాల లోపున 2వ సంఖ్య ఉక్కు చాలునన్నది సమంజసమైన సలహా. ఉక్కు తూటాలను అధిక వేగంతో తయారుచేస్తారు గాని, వేగంతోపాటు గాలి నిరోధమూ పెరుగుతుంది కనుక ఆ లాభం దూరంతో కరిగిపోతుంది.

ధరలో ఉక్కు చౌక, బిస్మత్ ప్రియం, టంగ్‌స్టన్ మరింత ప్రియం. ఉక్కు కఠినం గనుక దాని తూటాలో గొట్టాన్ని కాపాడే మందపాటి ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది. గుండు రూపు చెడదు కాబట్టి గుంపు చెదరక పోతుంది. గొట్టపు మూతిని బాగా బిగించే ఫుల్ చోక్ అవసరం లేదు, కొన్ని తుపాకులకు అది హానికరం కూడా. పలుచని పాత గొట్టాలకు మెత్తని బిస్మత్ మేలు. తయారీదారు సూచన చూడనిదే ఏదీ వాడరాదు.

రాగి లేదా నికెల్ పూత పూసిన సీసం సీసమే. కందనకాయలో పూత నిలువదు. జింకు కూడా బాతులకు విషమే. ఆమోదిత గుండులో సీసం 1 శాతం లోపే ఉండవలెను. అయస్కాంతానికి అంటనిదల్లా సీసమని భావించడం మరొక పొరపాటు, బిస్మత్ కూడా అంటదు. పెట్టెపై ముద్రించిన లోహం పేరు చదవవలసిందే. వేటకు ముందు 40 గజాల దూరాన కాగితంపై కాల్చి, 30 అంగుళాల వృత్తంలో పడిన రంధ్రాలను లెక్కించే పరీక్షకు ఒక సాయంత్రం చాలు. ఆ దూరంలో గుంపు పలుచగా కనిపించిన తూటాతో అంత దూరాన ఉన్న పక్షిపై కాల్పు మానుకొనవలెను.