మిత్రుడే ఇంటి యజమాని అయినపుడు అడ్వాన్సు సొమ్ము

చిత్తూరు సీమలోని కార్వేటినగరము వేణుగోపాలస్వామి ఆలయమునకును, స్కంద పుష్కరిణికిని, సారంగపాణి పదములకును పేరుగన్న ఊరు. జిల్లా విద్యా శిక్షణ సంస్థ కూడ అచ్చటనే యుండుటచేత, ఉపాధ్యాయ వృత్తి నభ్యసింపగోరు పరవూరి యువతీయువకులు ఆ ఊరికి వచ్చుచుందురు. వారిలో అద్దె గది అవసరమైనవారికి గది దొరకుట సాధారణముగా తెలిసినవారి మూలముననే. సహపాఠి తండ్రిగారి ఇల్లో, బాల్యమిత్రుని మేడమీది గదియో కుదురును. ఇట్టి సందర్భములలో ఒప్పంద పత్రము మాట యెత్తుటకు ఇరువురును సంకోచింతురు. "నీకూ నాకూ మధ్య కాగితమేందప్పా?" అని యజమాని నవ్వును, అద్దెకు వచ్చినవాడును నవ్వి, అడ్వాన్సు సొమ్ము చేతిలో పెట్టును. రెండేండ్ల తరువాత గది ఖాళీ చేయునాడు ఆ నవ్వు ఉండదు. ఈ చిక్కు ఎట్లు కలుగునో, దానిని విడదీయు మార్గమేదో విద్యార్థుల యుపయోగార్థము ఇచ్చట కొంత విచారింపదలచితిమి.

ముందుగా అడ్వాన్సు అనగా నేమో నిర్ణయించుకొనవలెను. మన ప్రాంతమున భోగ్యము అను పద్ధతి యొకటి కలదు. పెద్ద మొత్తము నొకేసారి యిచ్చి, నెలనెలా అద్దె లేకుండ కాపురముండి, గడువు తీరగనే ఆ మొత్తమును తిరిగి పుచ్చుకొనుట దాని లక్షణము. అడ్వాన్సు అట్టిది కాదు. అద్దె నెలనెలా నడచుచునే యుండును. ఈ సొమ్ము మాత్రము హామీగా నిలిచియుండును. ఉర్దూ నుండి మన కచేరీ భాషలోనికి వచ్చిన అమానతు అను మాట దీనికి చక్కగా నమరును. అయితే అమానతు వస్తువును దాచినవాడు దానిని ముట్టరాదు. అడ్వాన్సు విషయమున అట్లు జరుగదు. పుచ్చుకొన్న నాడే ఆ సొమ్ము యజమాని యింటి ఖర్చులలో కలిసిపోవును. గోడకు సున్నమైనను, చెల్లెలి పెండ్లికైనను ఖర్చగును. కనుక తిరిగి యీయవలసిన నాడు చేతిలో సొమ్ముండదు. తరువాత వచ్చు అద్దెదారు అడ్వాన్సు ఇచ్చిన గాని పాతవానికి తీర్చలేని స్థితి యేర్పడును. మా దృష్టిలో మిత్రుల నడుమ వచ్చు ఇట్టి తగవులలో పెక్కింటికి మూలము దురాశ కాదు, ఈ చేతిసొమ్ము లేమియే. ఆ లేమిని దాచుటకై తరువాత గోడలమీది మరకలు వెదకబడుచుండును.

ఇక చట్టము చెప్పు సంగతి. పత్రము లేకపోయినంత మాత్రమున అద్దె సంబంధము లేదనరాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 107వ సెక్షను ప్రకారము, ఇంటి స్వాధీనము నిచ్చి నోటిమాటతో కుదుర్చుకొన్న నెలవారీ అద్దెయు చెల్లును. ఏడాదికి మించిన గడువుగల కౌలు పత్రమును రిజిస్టరు చేయింపవలెనని అదే సెక్షను చెప్పుచున్నది. అందుచేతనే మన బజారులలో అందరును పదునొకండు నెలల పత్రములే వ్రాయింతురు. గది నెట్టి స్థితిలో పుచ్చుకొనిరో అట్టి స్థితిలో తిరిగి యీయవలసిన బాధ్యత అద్దెదారునిదని అదే చట్టము 108వ సెక్షను చెప్పుచున్నది. కాని సహజమైన అరుగుదలను అందుండి మినహాయించినది.

అడ్వాన్సు ఎంత పుచ్చుకొనవచ్చుననునది వేరొక ప్రశ్న. పూర్వపు ఆంధ్రప్రదేశ్ గృహముల అద్దె నియంత్రణ చట్టము, 1960, ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదని కట్టడి చేసినది. అయితే ఆ చట్టము ముఖ్యముగా పురపాలక సంఘములున్న పట్టణములకు వర్తించినది. ఇతర ప్రాంతములకు ప్రభుత్వ ప్రకటన అవసరమై యుండెను. కార్వేటినగరము వంటి పంచాయతీ గ్రామములలో ఆ పరిమితి తానుగా అమలులోనికి రాలేదు. 2017లో రాష్ట్రము క్రొత్త అద్దె చట్టమును చేసినది. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గ మామోదించిన మాదిరి అద్దె చట్టము నివాస గృహములకు రెండు నెలల అద్దె, ఇతర కట్టడములకు ఆరు నెలల అద్దె అని అడ్వాన్సుకు హద్దు పెట్టి, ఖాళీ ఇంటిని స్వాధీనపరచుకొను సమయముననే న్యాయమైన మినహాయింపులు పోను మిగిలినది తిరిగి యీయవలెనన్నది. అది మాదిరియే, రాష్ట్రములు స్వీకరించిన గాని అమలు కాదు. అయినను న్యాయమైన పద్ధతి యేదో చెప్పుటకు మంచి కొలబద్ద.

ఈ విషయమున మన దాపులనే పుట్టిన వ్యాజ్య మొకటి సుప్రీంకోర్టు దాక వెళ్ళినది. అప్పటి నెల్లూరు జిల్లాలోని గూడూరులో మోడరన్ హోటల్ అను సంస్థకును, ఆ కట్టడపు యజమాని రాధాకృష్ణయ్యగారికిని నడచిన తగవు అది; 1989లో తీర్పు వెలువడినది. అద్దె బాకీ పడినందున ఖాళీ చేయవలెనని యజమాని వాదము. చట్టము సమ్మతించిన ఒక నెల అద్దెకు మించిన అడ్వాన్సు యజమాని వద్దనే నిలిచియున్నదని అద్దెదారు వాదము. తన సొమ్ము యజమాని చేతిలో నుండగా అద్దెదారును ఎగవేతదారు అనరాదని అత్యున్నత న్యాయస్థానము నిర్ణయించినది. కొందరు విద్యార్థులు ఈ తీర్పు మాట విని, చివరి మూడు నెలలు అద్దె మానివేసి "అడ్వాన్సులో పట్టుకో" అనుట కద్దు. అది తొందరపాటు. ఆ తీర్పునకు పునాది, మించి పుచ్చుకొనరాదన్న చట్టపు నిషేధము. అట్టి నిషేధము లేనిచోట యజమాని అంగీకారము లేక అద్దెను అడ్వాన్సులో చెల్లుబెట్టుట ప్రమాదకరము.

ఉదాహరణమునకు ఒక లెక్క నూహింతము. నెల అద్దె 3,000 రూపాయలు, అడ్వాన్సు 15,000. రెండేండ్లు ఉండి, అయిదు దినముల ముందు మాత్రమే చెప్పి గది ఖాళీ చేసినాడు. యజమాని యగు మిత్రుడు సున్నమునకు 4,500, పగిలిన కిటికీ అద్దమునకు 400, కరెంటు బిల్లునకు 650, ముందుగా చెప్పనందులకు ఒక నెల అద్దె 3,000, వెరసి 8,550 తగ్గించి 6,450 ఇత్తునన్నాడు. ఇందులో అద్దము, కరెంటు అద్దెదారు పైనివే, వాదింప బనిలేదు. సున్నము రెండేండ్లలో మాయుట సహజమైన అరుగుదల. బెంగుళూరు వంటి నగరములలో రంగుల ఖర్చు క్రింద ఒక నెల అద్దె తగ్గించు వాడుక కలదు గాని, ముందుగా ఒప్పుకొనని వాడుకను చివరిదినమున కల్పింపరాదు. మేకులు కొట్టి గోడ పెచ్చు లూడదీసిన యెడల సంగతి వేరు. వేరు ఒప్పందము లేనపుడు నెలవారీ అద్దెకు పదునైదు దినముల నోటీసు చాలునని 106వ సెక్షను చెప్పుటచే, తక్కువైన పది దినములకు 1,000 న్యాయము. మొత్తము తగ్గింపు 2,050; రావలసినది 12,950. ఇరువురి లెక్కలకు నడుమ నున్న భేదము 6,500 రూపాయలు. మామిడి కాపు సొమ్ములో మిగిల్చి కుమారుని చదువునకు పంపిన తండ్రికి అది చిన్న మొత్తము కాదు.

మిత్రుడైన యజమాని తరచుగా చెప్పు మాట యింకొకటి కలదు: "ఊరిలో అందరికన్నా తక్కువకే ఇస్తిని గదా!" అని. ఇది నిజమై యుండవచ్చును. ఆ మేలును అద్దెదారు మరువరాదు, నోరారా చెప్పవలెను. కాని నెలనెలా చూపిన దయను అడ్వాన్సు నుండి వెనుకకు రాబట్టుట న్యాయము కాదు. దయ చూపిన నాడే అది ముగిసినది.

మాట్లాడు పద్ధతి ముఖ్యము. నలుగురిలో, టీ అంగడి ముందర ఈ ప్రసక్తి తేరాదు. మిత్రునికి తలవంపైనచో లెక్క మరుగున పడి మానమే మిగులును. గది తాళము పట్టుకొని "సొమ్మిచ్చిన గాని ఈయను" అనుటయు తగదు; స్వాధీనము అప్పగింపనంత కాలము అద్దె నడచుచున్నదని అవతలివాడు వాదించును. గదిని ఇరువురును కలిసి చూచి, ఫోటోలు తీసి, తాళమిచ్చినట్లు వ్రాయించుకొని, పైలెక్క వంటిదానిని ఒక కాగితముపై నుంచి ఏకాంతముగా ముందు పెట్టవలెను. "నీ దగ్గర ఇప్పుడు లేకుంటే చెప్పు, మూడు తేదీలు పెట్టుకుందాం" అన్న మాటకు కరగని మిత్రుడు అరుదు. ఆ తేదీలు వ్రాతలో నుండవలెను. ఫోను సందేశమైనను సాక్ష్యమునకు పనికివచ్చును. మొగమాటముచే నోరు మూసికొని, ఇతరుల వద్ద మాత్రము మిత్రుని నిందించు పద్ధతిని మేము ఔదార్యమని యెంచజాలము.

అంతటితో తీరనిచో, ఉభయులకు పెద్దయైన వ్యక్తిని నడుమ నుంచవచ్చును. పోలీసుల వద్దకు పోవుట వృథా. మొదటినుండియు మోసపు తలంపున్నట్లు చూపలేనప్పుడు ఇది సివిలు వ్యవహారమే. సొమ్ము రాబట్టుకొను దావాకు 1963 నాటి కాలపరిమితి చట్టము మూడేండ్ల గడువిచ్చినది. గడువులోపల బాకీని ఒప్పుకొనుచు యజమాని సంతకముతో వ్రాసియిచ్చిన యెడల గడువు మరల మొదలగును.

దావాకు ముందే లోక్ అదాలతు నాశ్రయింపవచ్చును. 1987 నాటి న్యాయసేవా ప్రాధికార సంస్థల చట్టము క్రింద ఏర్పడిన ఈ వేదికలో రుసుము లేదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, నిర్ణీత ఆదాయమునకు లోబడినవారికి ఉచిత న్యాయసహాయము కూడ లభించును. ఉభయులు ఒప్పుకొన్న రాజీ అచ్చట అవార్డుగా వ్రాయబడి కోర్టు డిక్రీతో సమానమగును; దానిపై అప్పీలు లేదు. కావున వాయిదాల తేదీలు, మొత్తములు, వాయిదా తప్పినచో ఏమి జరుగవలెననునదియు సంతకమునకు ముందే ఇరువురును చదివి సరిచూచుకొనవలెను.