జువ్వలదిన్నె తీరమున ఒక దినము

నెల్లూరు జిల్లాలో కావలికిని నెల్లూరునకును నడుమ బిట్రగుంట రైల్వేస్టేషను కలదు. దానికి తూర్పుగా, బోగోలు మండలములో, బంగాళాఖాతపు తీరమున జువ్వలదిన్నె యను గ్రామ మున్నది. దిన్నె యనగా మెరకనేల. ఇచ్చట అనేకులు సముద్రమును నమ్ముకొని జీవించువారు. ఇటీవల చేపలరేవు నిర్మింపబడుటచే ఈ యూరి పేరు దూరప్రాంతములవారికిని తెలిసినది.

వేసవి సెలవులలో నొకనాడు ఒక ఉపాధ్యాయుడు భార్యను, ముసలితల్లిని, ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకొని తెల్లవారకముందే ఆ తీరమునకు వచ్చెను. చూచుచుండగనే సూర్యబింబము నీటినుండి పైకి లేచెను. ఎండ్రకాయలు అడుగుల చప్పుడు విని బొరియలలో దూరెను. ఇసుకపై బాలబంద తీగలు అల్లుకొనియుండెను. గాలికి ఇసుక కొట్టుకొనిపోకుండ ఆ తీగలే పట్టియుంచునని తండ్రి పిల్లలకు చెప్పెను.

ఒడ్డున పడవలు వరుసగా నిలిచియుండెను. ఒక వృద్ధుడు వల బాగుచేసికొనుచుండెను. "తాతా! నేడు వేటకు పోలేదేమి?" అని బాలిక యడిగెను.

"చేపలు గ్రుడ్లుపెట్టు కాలమమ్మా! ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పుతీరమున యంత్రపు పడవలు వేటకు పోరాదు. నేడు తల్లిచేపను విడిచిననే రేపు మనకు చేప దొరకును" అని అతడు బదులు చెప్పెను.

ఇంతలో బాలుడు నీటివంక చూచెను. రెండు ప్రక్కలను అలలు నురుగులు గ్రక్కుచు విరుగుచుండెను. నడుమ నొకచోట మాత్రము నీరు నిశ్చలముగా కనబడెను. "నాయనా! అచ్చట అలలు లేవు. నేనచ్చట స్నానము చేసెదను" అని అతడు పరుగెత్తెను.

"ఆగు నాయనా!" అని వృద్ధుడు బిగ్గరగా కేకవేసెను. బాలుడు నిలిచిపోయెను. వృద్ధుడు వచ్చి, ఒక కొబ్బరిడొక్కను ఆ నిశ్చలజలములో విసరెను. అది ఒడ్డునకు రాలేదు. చూచుచుండగనే లోపలికి సాగి, అలలను దాటి, చుక్కవలె కనబడసాగెను. బాలుని ముఖము వెలవెలబోయెను.

"అలలతో ఒడ్డెక్కిన నీరు మరలిపోవలెను గదా! అదంతయు ఒక్క త్రోవలో చేరి వడిగా లోనికి పోవును. ఆ త్రోవలో లోతెక్కువ. కావున అలలు విరుగవు. శాంతముగా కనబడుచోటనే ప్రాణాపాయము."

"అందు చిక్కినవాడేమి చేయవలెను?" అని తల్లి భయముతో నడిగెను.

"ఎదురీదరాదు. ఎంతటి యీతగానికైనను చేతులు పడిపోవును. ఒడ్డుతో సమముగా ప్రక్కకు ఈదవలెను. ఆ ప్రవాహము వెడల్పు తక్కువ. దానిని దాటినపిమ్మట అలలతోపాటు ఒడ్డు చేరవచ్చును. ఈదలేనివాడు బెదరక వెల్లకిల తేలి, చేయెత్తి పిలువవలెను. ఒడ్డున నున్నవారు వట్టిచేతులతో దుముకరాదు. త్రాడుగాని, మూత బిగించిన ఖాళీడబ్బాగాని విసరవలెను."

ముసలమ్మ 2004 డిసెంబరు 26వ తేదీని తలచుకొని నిట్టూర్చెను. నాడు సుమత్రా దగ్గర పుట్టిన భూకంపమువలన లేచిన సునామీ ఈ తీరమునను ప్రాణములు బలిగొన్నది. "సముద్రము ఉన్నట్టుండి వెనుకకు తగ్గినచో వింత చూడరాదు, మెరకకు పరుగెత్తవలెను" అని వృద్ధుడు పిల్లలకు బోధించెను.

పిమ్మట అతడు చూపినచోట, మోకాలిలోతు నీటిలో, తండ్రి చేతులు పట్టుకొని పిల్లలు తనివిదీర స్నానము చేసిరి. మధ్యాహ్నమునకు నేల కాగి, దానిపై గాలి వేడెక్కి పైకి లేచెను. ఆ స్థానమును నింపుటకు సముద్రమునుండి చల్లనిగాలి వీచెను. అందరును సరుగుడుచెట్ల నీడలో పెరుగన్నము తినిరి. విస్తళ్లను, కాగితములను సంచిలో కట్టుకొని ఇల్లు చేరిరి.

జూను నెలలో బడి తెరచిరి. సెలవులలో ఏమి చూచితివని ఉపాధ్యాయుడడుగగా, బాలుడు నల్లబల్లపై రెండు నురుగుపట్టెలు గీచి, వాని నడుమ లోపలికి పోవు బాణము నొకదానిని వేసెను. తరగతిలోని పిల్లలందరును దానిని తమ పుస్తకములలో ఎక్కించుకొనిరి.