ఇంటి నిర్మాణ ఒప్పందంలో నష్టభారం ఎవరిది?

దివ్య ఖుర్ఆన్‌లోని మాయిదా సూరా, ఒప్పందాలు నెరవేర్చండన్న ఆజ్ఞతోనే మొదలవుతుంది. అయితే ఇరువురూ సంతకం చేసినంత మాత్రాన ప్రతి షరతూ ధర్మసమ్మతం కాదు. ఇల్లు కట్టించేవారు మేస్త్రీతో రాయించుకునే కాగితంలో ఒక మాట తరచుగా కనిపిస్తుంది: పని జరిగే చోట ఏ నష్టం వచ్చినా, ఎవరికి ఏమైనా బాధ్యత కాంట్రాక్టరుదే, యజమానికి సంబంధం లేదు. ఈ షరతు షరీఅత్‌లో ఎంతవరకు చెల్లుతుంది?

మేస్త్రీయే ఇటుక, సిమెంటు, ఇనుము తెచ్చి, ఇల్లు కట్టి అప్పగిస్తానంటే అది ఇస్తిస్నా. అప్పగించేదాకా నష్టం అతనిదే. ఆదాయం పూచీని అనుసరిస్తుందని దైవప్రవక్త (సల్లం) తెలిపిన హదీసు అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. ఈ సూత్రానికి అదే ఆధారం. ఆలస్యమైతే ఇంత తగ్గిస్తామని రాసుకోవచ్చు. అయితే జాప్యం అతని చేతిలో లేని కారణంతో జరిగినా, యజమానికి అసలు నష్టమే కలగకపోయినా ఆ కోత చెల్లదని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 2000లో రియాద్ సమావేశంలో తీర్మానించింది. యజమాని డబ్బు ఆలస్యం చేసినందుకు అదనంగా వసూలు చేస్తే మాత్రం అది వడ్డీయే.

సరకు యజమానిది, పని మాత్రమే మేస్త్రీది అయితే అది ఇజారా. సిమెంటు బస్తాలు అతని చేతిలో అమానత్. వాటిని వానలో వదిలేసినా, గోడ వంకరగా కట్టినా పరిహారం అతనే ఇవ్వాలి. అతని నిర్లక్ష్యం లేకుండా దొంగలు ఎత్తుకుపోతే? ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో అతనిపై పూచీ లేదు. ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) మాత్రం, నలుగురికీ పనులు ఒప్పుకునేవాడైతే, తప్పించుకోలేని విపత్తులో తప్ప పూచీ ఉంటుందన్నారు. ప్రజల సొత్తు కాపాడటమే వారి ఉద్దేశం. కానీ వరద వచ్చినా, పిడుగు పడినా నీదేనని అమానత్‌దారుపై పెట్టే షరతు చెల్లదని హనఫీ గ్రంథాలు స్పష్టం చేస్తున్నాయి.

అసలు చిక్కు ప్రాణనష్టంలో ఉంది. బావిలో, గనిలో జరిగిన ప్రమాదానికి పరిహారం లేదన్న హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. దాన్ని పట్టుకుని, కూలీ పరంజా మీద నుంచి పడితే అది అతని తఖ్దీర్ అని చేతులు దులుపుకునేవారున్నారు. ఇది పొరపాటు. ఎవరి తప్పూ లేని సందర్భానికే ఆ హదీసు వర్తిస్తుందని ధర్మవేత్తలు వివరించారు. బాట మీద అనుమతి లేకుండా బావి తవ్వినవాడిపై వారు పూచీ మోపారు. ‘హిదాయా’లో ఒరిగిన గోడ గురించి ప్రత్యేక చర్చే ఉంది. గోడ దారి వైపు ఒరిగింది, పడగొట్టమని యజమానికి చెప్పారు, వీలుండీ అతడు పట్టించుకోలేదు, గోడ కూలి ఒకరు మరణించారు. పూచీ యజమానిదే. కట్టింది మేస్త్రీ కదా అన్న సాకు అక్కడ పనికిరాదు.

పుచ్చిన కర్రలతోనే పరంజా కట్టించినవాడు, ఖర్చు తగ్గుతుందని గడువుకు ముందే సెంట్రింగ్ విప్పించినవాడు, కాగితం చూపి తప్పించుకోజూడటం ధర్మం కాదని నా అభిప్రాయం. మన దేశపు 1872 నాటి ఒప్పంద చట్టం 124వ సెక్షన్‌లోని నష్టపూరణ హామీ కూడా ఒకరు మరొకరికి ఇచ్చే మాటే. ఆ కాగితంపై సంతకం చేయని కూలీ భార్యాబిడ్డల హక్కు దానితో రద్దు కాదు. తప్పు మేస్త్రీదైతే, వారికి చెల్లించిన సొమ్ము అతని నుంచి రాబట్టుకునే షరతు రాసుకోవడంలో అభ్యంతరం లేదు.

కాబట్టి కాగితంలో ‘ఏ నష్టమైనా’ అని రాయకండి. ‘కాంట్రాక్టరు తప్పిదం, నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టం’ అని రాయండి. సరకు ఎవరిదో, పరంజా ఎవరు సమకూర్చాలో, కూలీల బీమా ఎవరు కట్టాలో వేరుగా పేర్కొనండి. బఖరా సూరా 282వ ఆయత్ ప్రకారం అప్పు పత్రాన్ని చెప్పి రాయించవలసింది బాధ్యత మోసేవాడే. మన దగ్గర యజమాని రాయిస్తాడు, మేస్త్రీ వేలిముద్ర వేస్తాడు. కనీసం సంతకానికి ముందు ప్రతి షరతూ అతనికి చదివి వినిపించి, అర్థమైందో లేదో అడగండి.