కాఫీ ఆకును తిప్పి చూస్తే

బొర్రా గుహల లోతుల్లో వెలుతురు అందని చోట పచ్చని మొక్క పెరగదు. ఆ వెలుతురును ఆకు ఎలా వాడుకుంటుందో తెలియాలంటే, బయట కొండవాలున సిల్వర్ ఓక్ నీడలో పెరిగే అరబికా కాఫీ మొక్క ఆకును తిప్పి చూడండి. పత్రరంధ్రాలన్నీ అడుగునే ఉంటాయి. పైన నీరు ఆవిరవకుండా మైనపు పూత. బాహ్యచర్మం కింద, హరితరేణువులు కిక్కిరిసిన స్తంభ మృదుకణజాలం కాంతిని ఒడిసిపడుతుంది. ఆ దిగువన స్పంజి కణజాలపు ఖాళీల గుండా కార్బన్ డయాక్సైడ్ కణాలకు చేరుతుంది. ఈనెల్లోని దారువు నీరు తెస్తుంది, పోషకకణజాలం చక్కెరను మోసుకెళ్తుంది.

పరీక్షల్లో అభ్యర్థులు తడబడేది ఇక్కడే: బాహ్యచర్మంలోని మామూలు కణాల్లో సాధారణంగా హరితరేణువులు ఉండవు, పత్రరంధ్రాల రక్షక కణాల్లో ఉంటాయి. నీడలో పెరిగిన ఆకు ఎండలో పెరిగిన దానికంటే పలుచన, వెడల్పు ఎక్కువ. నీటిపై తేలే తామరాకుకు మాత్రం పత్రరంధ్రాలు పైవైపే.