ఆ ఇసుకను ఎవరు తెచ్చారు?

ఏటూరునాగారం



నువ్వు వాట్సాప్‌లో పంపిన బీచ్‌ల జాబితా అందింది. సూర్యలంక, మంగినపూడి, అంతర్వేది, ఉప్పాడ, రుషికొండ, యారాడ, భీమిలి... పేరున్నవేవీ వదిలిపెట్టలేదు. నాలుగైదు రోజుల సెలవుల్లో వీటిలో ఏవి చూడాలి, ఏవి మరోసారికి ఉంచాలి అని అడిగావు. నువ్వు పెట్టిన టిక్కులు చూస్తే ఫొటోలు చూసి పెట్టినవని తెలుస్తూనే ఉంది. ఫొటోలో ప్రతి సముద్రమూ నీలంగానే ఉంటుంది. అక్కడి ఇసుకను ఎవరు తెచ్చి పోశారో మాత్రం ఫొటో చెప్పదు. తీరం ఎంచుకునే మనిషి మొట్టమొదట అడగాల్సింది అదే: ఈ ఒడ్డు నది కట్టిందా, కొండ కట్టిందా? నీటి రంగు, లోతు, లాగుడు, పిల్లల్ని దింపొచ్చా లేక గట్టున కూర్చుని చూసి రావాలా, ఇవన్నీ ఆ జవాబులోంచే వస్తాయి.

తెలంగాణకు సముద్రం లేదు. అయినా సముద్రపు ఒడ్డుకు కావలసిన సరుకు కొంత మన ఊరి మీదుగానే పోతుంది. తుపాకులగూడెం బ్యారేజీ దాటి, ముళ్లకట్ట వంతెన కిందుగా సాగే గోదావరి భద్రాచలం, పాపికొండల మీదుగా ధవళేశ్వరం చేరి, అక్కడి నుంచి పాయలుగా చీలుతుంది. వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర, గౌతమి యానాం దాటాక సముద్రంలో కలుస్తాయి. 2022 జూలై వరద నీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెల 16న భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. రామన్నగూడెం రేవులో మనం చూసిన ఆ బురద నీళ్లే తరువాత కోనసీమ ముందున్న సముద్రానికి రంగు మార్చాయి. కాబట్టి వానాకాలంలో గోదావరి మొగల దగ్గర నీలి సముద్రం కావాలని ఎవరైనా అడిగితే, ఆ కోరిక తీరేది కాదు.

నది కట్టిన ఒడ్డు బల్లపరుపుగా ఉంటుంది, నీళ్లు మబ్బుగా ఉంటాయి, నేల ఏటేటా చోటు మారుతుంది. అంతర్వేదిలో ‘అన్నాచెల్లెళ్ళ గట్టు’ అనే చోటుంది. ఒక పక్క వశిష్ఠ, మరో పక్క బంగాళాఖాతం. ఒకే చోట నిలబడి రెండు నీళ్ల రంగుల తేడా చూడొచ్చు. అక్కడి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘమాసంలో, భీష్మ ఏకాదశి వేళ జరుగుతుంది. జనం ఇష్టమైతే అప్పుడు పోవాలి, లేకపోతే మిగతా రోజులన్నీ మనవే. నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకు పంటు మీద దాటడం దానికదే ఒక ప్రయాణం. స్నానానికి మాత్రం మొగ దగ్గర దిగకూడదు. నది తోసే నీరు, పోటుకు ఎదురొచ్చే నీరు అక్కడ కలబడతాయి. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ గొయ్యి ఉంటుంది. గోదావరిలో మడుగుల భయం తెలిసిన మన ఊరి వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ కూడా గోదావరి చేసిందే. గౌతమి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టుకుపోగా, గత రెండు వందల ఏళ్లలో ఒక పొడవాటి దిబ్బ పెరిగింది. పెద్ద అలలు ఆ దిబ్బకు తగిలి ఆగిపోతాయి కనుక లోపలి అఖాతం నిమ్మళంగా ఉంటుంది. కాకినాడ రేవుకు సహజ రక్షణ అదే. ఆ అఖాతానికి ఆనుకుని కోరింగ మడ అడవులు ఉన్నాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. పెద్దవాళ్లు, చంటిపిల్లలు వెంట ఉన్న కుటుంబానికి అలల కన్నా ఈ మడ అడవుల మధ్య చెక్క బాట మీద నడక హాయి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు దిబ్బ మీద గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ రోజుల్లో తీరం వెంబడి టార్చిలైట్లు వేసుకుని తిరగడం మర్యాద కాదు, వెలుగుకు అవి దారి తప్పుతాయి.

ఆ దిబ్బకు కాస్త ఉత్తరాన ఉప్పాడ ఉంది. చీరల కోసం తప్పక పో. బీచ్ కోసమైతే వద్దు. అక్కడ సముద్రం ఊరినే తింటోంది. కాకినాడ నుంచి పోయే తీరపు రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా కోతకు గురవుతోంది, అడ్డంగా వేసిన ఇసుక గొట్టాల గోడా నిలవలేదు. కారణాల్లో ఒకటి మన వైపుది కూడా. 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును మోసుకుపోయేదనీ, 1990లకు అది 6 కోట్ల లోపుకు పడిపోయిందనీ డెల్టాను పరిశీలించినవాళ్లు లెక్క చెప్పారు. ఆనకట్టల వెనక ఆగిన మట్టి ఒడ్డుకు చేరదు. సరుకు తగ్గితే ఒడ్డు తరుగుతుంది.

మచిలీపట్నం దగ్గరి మంగినపూడి కృష్ణమ్మ బిడ్డ. నల్లటి బంకమట్టి నేల, చాలా దూరం దాకా లోతు తక్కువ. తెల్లటి ఇసుక కావాలన్నవాళ్లకు అది నచ్చదు.

ఇప్పుడు సూర్యలంక సంగతి. బాపట్ల పట్టణానికి పక్కనే. హైదరాబాద్ నుంచి కుర్రకారు శుక్రవారం రాత్రి కారెక్కి, తెల్లారేసరికి నిద్రమొహాలతో అక్కడికి చేరి, టీ కూడా తాగకుండా నీళ్లలో దూకుతారు. ఇసుక బాగుంటుంది, వాలు మెత్తగా కనిపిస్తుంది. చీరాల వైపు ఓడరేవు, రామాపురం కూడా అంతే. ఆదివారం సాయంత్రం టీవీ స్క్రోలింగ్‌లో ఈ పేర్లు ఎందుకు కనిపిస్తుంటాయో తెలియాలంటే అలల లోపలి లెక్క కొంచెం తెలియాలి.

అలలు నీటిని ఒడ్డుకు మోసుకొస్తాయి. వచ్చిన నీరు ఎటో ఒకవైపు తిరిగి పోవాలి కదా. ఒడ్డుకు కొంచెం లోపల, నీటి అడుగున ఇసుక తిన్నెలుంటాయి. వాటి మధ్య ఎక్కడ తెగిన పల్లం దొరికితే, చుట్టుపక్కల నీరంతా అక్కడికి చేరి వాగులా సముద్రంలోకి ఉరుకుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు రెండు మీటర్లు దాటి లాగుతుంది. ఒలింపిక్ ఈతగాళ్ల వేగం దాదాపు అంతే. చిక్కేమిటంటే, ఈ పల్లం మీద లోతు ఎక్కువ కనుక అల విరగదు. రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యలో కాస్త ముదురు రంగులో ప్రశాంతంగా ఉన్న జాగా. కొత్తవాళ్లు అదే మంచి చోటనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు.

అందుకని ఏ తీరానికి పోయినా చెప్పులు విప్పకముందు ఓ పావుగంట కాస్త ఎత్తైన చోట నిలబడి చూడు. నురగ ఎటు పోతోంది? ఒడ్డుకు రావలసిన నురగ ఒకచోట సన్నటి పాయగా లోపలికి పోతుంటే, లాగుడు అక్కడుంది. వల బాగుచేసుకుంటున్న జాలరి ఎవరైనా ఉంటే అడుగు, ‘ఇక్కడ దిగొచ్చా?’ అని కాదు, ‘ఇవాళ లాగుడు ఎక్కడుంది?’ అని. మొదటి ప్రశ్నకు మొహమాటానికి ‘దిగండి’ అంటారు. రెండోదానికి వేలు చూపిస్తారు. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈదకూడదు. ఆ లాగుడు సన్నగా ఉంటుంది కనుక ఒడ్డు వెంబడి పక్కకు ఈది, అలలు విరిగే తెల్లటి నీళ్లలోకి చేరాలి. చేతకాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాలి. మునిగేవాడి కోసం ఈత రాని మిత్రులు వరసగా దూకడం వల్లే ఒక చావు నాలుగు చావులవుతుంది. 2022 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో ఇంజనీరింగ్ విద్యార్థులు గుంపుగా కొట్టుకుపోయిన వార్త నువ్వూ చదివే ఉంటావు.

ఇక కొండ కట్టిన తీరం. తూర్పు కనుమలు సముద్రాన్ని తాకేది విశాఖ దగ్గరే, అందుకే తెలుగు నేల మీద కొండల మధ్య ఒదిగిన ఒంపులు కావాలంటే అక్కడికే పోవాలి. ఆ రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు ఖోండలైట్ అంటారు, తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద. డాల్ఫిన్స్ నోస్ కొండకు ఆవల ఉన్న యారాడకు ఘాట్ రోడ్డు ఎక్కి దిగాలి. మూడు వైపులా పచ్చటి కొండలు, నాలుగో వైపు నీళ్లు. జాబితాలో అన్నిటికన్నా అందమైనది ఇదేనని మీ పెద్దబాపు అభిప్రాయం. అయితే కొండ గాలిని ఆపుతుంది గానీ అలను ఆపదు. యారాడ ఒంపు సముద్రానికి తెరిచే ఉంది, ఒడ్డు దగ్గరే అల గట్టిగా విరుగుతుంది. పొద్దున్నే పోయి, కూర్చుని, పాదాలు తడుపుకుని రావడానికి అంతకు మించిన చోటు లేదు.

నీళ్లలో ఆడాలంటే రుషికొండ. డెన్మార్క్ కేంద్రంగా పనిచేసే ఒక సంస్థ ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో మన దేశంలో ఎనిమిది బీచ్‌లకు దక్కితే, వాటిలో ఆంధ్రప్రదేశ్ నుంచి ఉన్నది ఇదొక్కటే. నీటి శుభ్రత, మరుగుదొడ్లు, లైఫ్‌గార్డులు వగైరా 33 అంశాలు చూసి ఆ జెండా ఇస్తారు. 2025 ఆరంభంలో నిర్వహణ బాగాలేదని జెండా తీయించారు, సరిదిద్దాక తిరిగి ఇచ్చారు. ఈ ఉదంతం వల్ల జెండా మీద గౌరవం పెరగాలే తప్ప తగ్గకూడదు: తీసెయ్యగలిగిన గుర్తింపుకే విలువ. అక్కడైనా లైఫ్‌గార్డు కనిపించే హద్దులోనే దిగాలి. పక్కనున్న రాళ్ల మీద నాచు ఉంటుంది, సెల్ఫీ కోసం ఎక్కకు.

ఆర్కే బీచ్ నగరం నడిబొడ్డున ఉంది, సాయంత్రం మొక్కజొన్న పొత్తులు తింటూ నడవడానికి సరదాగా ఉంటుంది. 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సుర జలాంతర్గామిని లోపలికి వెళ్లి చూడొచ్చు. నీళ్లు మాత్రం నమ్మదగినవి కావు, లాగుడు ఎక్కువ. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఆ నడకకు రేవు అడ్డు. 1930లలో విశాఖ రేవు కట్టినప్పుడు ఇసుక రాకుండా రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుగోడ చేశారు. దక్షిణాన ఆగిన ఇసుక ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు కరువైంది, ఇప్పుడు రేవులో తవ్విన ఇసుకను తెచ్చి అక్కడ పొయ్యాల్సి వస్తోంది.

రుషికొండ నుంచి భీమిలి దాకా రోడ్డు సముద్రం పక్కనే పోతుంది. దారిలో తొట్లకొండ బౌద్ధ స్థలం, మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం, ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. తోరణం దగ్గరికి నీరు తగ్గే పాటు వేళ పోవడం మేలు. ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. వేల ఏళ్లుగా పేరుకున్న ఆ ఇసుక మీద పేర్లు గీకేవాళ్ల పక్కన నిలబడకు. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది, డచ్చివారి పాత సమాధులున్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, నింపాదిగా నడిచి చూడాలి.

ఎప్పుడు పోవాలన్నదీ తీరాన్ని ఎంచుకోవడంలో భాగమే. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే పడింది, 2020 అక్టోబరులో వాయుగుండానికి ఒక బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కింది. మనవాళ్లు సముద్ర స్నానానికి కార్తీక పౌర్ణమినే ఎంచుకుంటారు. తుపానుల కాలం, పౌర్ణమి పోటు, తొక్కిసలాడే జనం, మూడూ ఒకే రోజు. పుణ్యం కావాలనుకుంటే చెంబుతో నెత్తిన పోసుకున్నా చాలు. అమావాస్యకు, పౌర్ణమికి పోటూ పాటూ రెండూ ఎక్కువ. అష్టమి, నవమి రోజుల్లో తేడా తక్కువ. పోటు వేళ రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమ్మమ్మ పంచాంగం పక్కన పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగానికి ఇన్‌కాయిస్ ఉంది. అలల ఎత్తు, సముద్రపు హెచ్చరికలు రోజూ చెప్పే ఈ కేంద్ర సంస్థ ఉన్నది సముద్రం లేని హైదరాబాద్‌లోనే. చేపల కోసమైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పోకు, మరబోట్లకు వేట నిషేధం, పళ్లెంలోకి వచ్చేది ఐసు చేపే.

నాలుగు రోజులే ఉంటే సూర్యలంక, మంగినపూడి ఈసారికి కొట్టెయ్. జనవరి చివరి వారాల్లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. ఒక రోజు యారాడ, ఆర్కే బీచ్. మరో రోజు రుషికొండ నుంచి భీమిలి. తిరుగు దారిలో సామర్లకోటలో దిగి కాకినాడ, కోరింగ. ఓపిక ఉంటే చివరి రోజు పంటు దాటి అంతర్వేది. యారాడ ఇసుకలో నడక మీ అమ్మ మోకాళ్లకు కష్టం కావచ్చు, ముందే అడిగి చూడు. తేదీలు ఖాయమయ్యాక ఆ వారం తిథులు రాసి పంపు, ఏ రోజు ఎక్కడో వరస సరిచేసి పంపుతాను.

మీ పెద్దబాపు