శ్రీశైలంలో చిన్న అంగడి – గూగుల్ పటములో దాని చోటు

ఉగాదికి కన్నడ దేశం నుండి, శివరాత్రికి నలుదిక్కుల నుండి శ్రీశైలం చేరే యాత్రికులలో పలువురు నేడు భోజనం దొరికే చోటును ఫోనులో గూగుల్‌నే అడుగుతున్నారు. అందులో కనబడని అంగడి ఎదుటి వీధిలో ఉన్నా వారి పాలిట లేనట్లే.

ఎవరి పేరు ముందు చూపవలెనో గూగుల్ ప్రధానంగా మూడు విషయాలను బట్టి నిర్ణయిస్తున్నది: అడిగినదానితో పొందిక, దూరము, ప్రసిద్ధి. డబ్బు చెల్లించి ఈ వరుసలో ముందుకు రాలేమని ఆ సంస్థయే తెలుపుతున్నది. ప్రకటనల సంగతి వేరు.

చిక్కంతా దూరంతోనే. ప్రాజెక్టు కాలనీ అయిన సున్నిపెంటలో ఇడ్లీలు అమ్మే వ్యాపారికి తన గుర్తును గుడి చెంతనే నిలపాలని, బోర్డుపై లేని ‘శ్రీశైలం’ను పేరుకు తగిలించాలని అనిపించడం సహజమే. కాని నియమవిరుద్ధమైన ఆ నమోదును గూగుల్ నిలిపివేయవచ్చు. అంతకుముందే, ఆకలితో తిరిగి తిరిగి విసిగిన యాత్రికుడు వ్రాసే నాలుగు మాటలు చాలు, ఉన్న పేరూ పోవడానికి!

దూరాన్ని మార్చలేము, పొందికను, ప్రసిద్ధిని పెంచుకోగలము. 2021 నుండి ‘గూగుల్ బిజినెస్ ప్రొఫైల్’ అని పిలువబడుతున్న నమోదు ఉచితం. బోర్డుపై ఉన్న పేరు, సరైన వర్గము, పనిచేసే ఫోను నంబరు, అంగడి ఛాయాచిత్రాలు, అన్నిటికంటె ముఖ్యంగా పండుగనాటి వేళలు అందులో ఉండవలె. తిన్నవారిని అభిప్రాయం వ్రాయమని కోరవచ్చు. అందుకు ప్రతిఫలంగా ధర తగ్గించడం నిషిద్ధం. నిందకు సైతం మర్యాదగా బదులివ్వవలె.

ఈ పనిలో చిన్న వ్యాపారులకు మన విద్యార్థులు తోడ్పడగలరని మా నమ్మకం. అయితే నమోదు వ్యాపారి సొంత ఖాతాలోనే జరగవలె; విద్యార్థి నిర్వాహకుడుగా మాత్రమే చేరవలె. చదువు ముగించి అతడు ఊరు విడిచినా అంగడి తాళంచెవి అంగడివాని వద్దనే ఉంటుంది.